ఆకాశము ఎందుకు మాటలాడుట లేదు?



2022 డిసెంబరు 7వ తేదీన వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలములోని మొగిలిగుండ్ల గ్రామములో ఆకాశమునుండి ఒక వింత వస్తువు దిగింది. వికారాబాదు నుండి మన జహీరాబాదుకు రైలులో వచ్చేవారికి మర్పల్లి స్టేషను తెలిసినదే. ఆ పెద్ద వస్తువును చూచుటకు జనము గుంపులుగా వచ్చారు. ఎగిరే పళ్ళెమా, వేరొక లోకమువారు పంపినదా అని వార్తలు పుట్టాయి. తీరా విచారించగా అది హైదరాబాదునుండి బెలూనుతో పైకి పంపబడిన ఒక గది నమూనా అని తేలింది. మనుష్యులను బెలూనులో చాలా ఎత్తుకు తీసుకొనిపోయి భూమిని చూపించవలెనని స్పెయిను దేశపు హేలో స్పేస్ అను సంస్థ చేసిన పరీక్ష అది.

హైదరాబాదులో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ అను పరిశోధన సంస్థకు బెలూన్ల కేంద్రము ఒకటి ఉన్నది. పలుచని ప్లాస్టిక్కుతో చేసిన పెద్ద బెలూనులో హైడ్రోజను వాయువు నింపి, పరికరములను కట్టి, 30 నుండి 40 కిలోమీటర్ల ఎత్తుకు పంపుతారు. పని ముగిసిన తరువాత ఆ పరికరములు రంగురంగుల పెరాషూటుతో క్రిందికి దిగుతాయి. గాలి ఎటు తీసుకొనిపోతే అటు, మన జొన్న చేలలోనైనా చెరకు తోటలలోనైనా పడవచ్చును. దొరికినవారు వాటిని విప్పవద్దనియు, పోలీసులకు తెలియజేయుమనియు సంస్థవారు ముందుగానే ప్రకటన ఇస్తూ ఉంటారు. కాబట్టి అటువంటిది మీ పొలములో దిగితే భయపడవద్దు, ముట్టవద్దు, కబురు పంపండి.

అయితే ఆ దినము జనమును పరుగెత్తించిన ప్రశ్న బెలూను సంగతి తేలగానే తీరిపోయేది కాదు. మన ఇండ్లలో ఇంటరు, డిగ్రీ చదువుచున్న పిల్లలు ఆ ప్రశ్నను అడుగుచునే ఉన్నారు. ఆకాశములో ఇన్ని నక్షత్రములు ఉన్నవి గదా, మనవంటివారు మరెక్కడను లేరా? ఉంటే ఇంతవరకు ఒక్క మాటైనా ఎందుకు వినబడలేదు? ఈ నెల దానినే ఆలోచింతము.

ఒక భోజనపు బల్ల దగ్గర పుట్టిన ప్రశ్న

1950 వేసవిలో అమెరికాలోని లాస్ అలమోస్ అను చోట కొందరు శాస్త్రజ్ఞులు భోజనము చేయుచున్నారు. వారిలో ఎన్రికో ఫెర్మి ఒకరు. 1942లో మొట్టమొదటి అణు రియాక్టరును నడిపించినది, 1945లో మొదటి అణుబాంబు ప్రేలుడును దగ్గరనుండి చూచినది ఆయనే. ఎగిరే పళ్ళెముల గురించి మాటలు సాగి, వేరొక సంగతిలోనికి పోయిన తరువాత ఫెర్మి ఉన్నట్టుండి, మరి వారందరు ఎక్కడ ఉన్నారు అని అడిగాడట. అందరు నవ్వారు. కాని ఆ ప్రశ్న నేటికిని తెగలేదు.

మన సూర్యుడు చేరియున్న పాలపుంతలో కనీసము 10,000 కోట్ల నక్షత్రములు ఉన్నవి. సూర్యునివంటి నక్షత్రము చుట్టు తిరుగు గ్రహమును మొదటిసారి కనుగొన్నది 1995లో. ఇప్పటికి వేరే నక్షత్రముల చుట్టు తిరుగు గ్రహములు ఐదు వేలకు మించి దొరికినవి. పాలపుంత వయస్సు వందల కోట్ల సంవత్సరములు. అంత కాలములో ఎవరో ఒకరు మనకంటె ముందుగా తెలివి సంపాదించి, ఇక్కడికి వచ్చియుండవలెను, లేదా పిలిచియుండవలెను. కాని ఆకాశము మౌనముగా ఉన్నది.

శాస్త్రజ్ఞులకు లెక్క దొరకని చోట కథలు వ్రాయువారు ప్రవేశించారు. సైన్సు కల్పిత కథలు పిల్లల కాలక్షేపమే అని మనము అనుకొనవచ్చును. అయితే ఈ మౌనమునకు వారు చెప్పిన కారణములను వరుసగా చూచినట్లయితే, అందులో మనుష్యుని హృదయము కనబడుచున్నది.

కథలు చెప్పిన కారణములు

మొదటి కారణము దూరము. కాంతి ఒక సెకనులో దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. సూర్యుని తరువాత మనకు మిక్కిలి దగ్గరనున్న నక్షత్రము ప్రాక్సిమా సెంటారి. అక్కడికి చేరుటకు కాంతికే 4 సంవత్సరముల 3 నెలలు కావలెను. 1977లో అమెరికా పంపిన రెండు వాయేజర్ నౌకలలో బంగారు పూత పూసిన పళ్ళెమువంటి గ్రామఫోను రికార్డులు ఉన్నవి. 55 భాషలలో శుభాకాంక్షలు వాటిలో ఉన్నవి. ఆ భాషలలో మన తెలుగు ఒకటి! తెలుగు మాటలాడు జనుల తరపున ఒక పలకరింపు ఈ దినమునను ఆకాశములో ప్రయాణము చేయుచున్నది. కాని మొదటి వాయేజర్ ప్రయాణించే వేగముతో ప్రాక్సిమా అంత దూరము పోవలెనంటే 70 వేల సంవత్సరములకు పైగా పట్టును. జవాబు రాలేదంటే ఉత్తరము ఇంకా చేరలేదని అర్థము.

రెండవది, వారు చూచుచున్నారు గాని పలుకుట లేదు అనునది. ఇంగ్లండు రచయిత ఆర్థర్ క్లార్క్ కథ ఒకటి 1951లో అచ్చయింది. పేరు ది సెంటినెల్, అనగా కావలివాడు. చంద్రునిమీదికి పోయిన మనుష్యులకు అక్కడ కొండమీద పూర్వకాలపు కట్టడము ఒకటి దొరుకుతుంది. వారు దానిని పగులగొట్టగా, ఎన్నో యుగములుగా అది పంపుచున్న సంకేతము ఆగిపోతుంది. దానిని అక్కడ ఉంచినవారికి అదే గుర్తు. ఈ భూమిమీద ఎవరో చంద్రునివరకు రాగలిగినంత ఎదిగారని వారు తెలిసికొంటారు. అంతవరకు మాటలాడరు. పిల్లవాడు తనంతట తాను నడచి గడప దాటువరకు ఎదురుచూచు పెద్దలవలె.

మూడవది భయము. చైనా రచయిత లియు సిషిన్ ఒక విద్యుత్ కేంద్రములో ఇంజనీరుగా పనిచేసినవాడు. 2008లో ఆయన వ్రాసిన నవల పేరుకు చీకటి అడవి అని అర్థము. విశ్వము రాత్రివేళ అడవివంటిది, ప్రతివాడు తుపాకి పట్టుకొని అడుగుల చప్పుడు కాకుండ తిరుగు వేటగాడే, ఎవడు నోరు తెరచునో వాడు చచ్చును, అందుకే అందరు మౌనముగా ఉన్నారు అని ఆ కథ చెప్పుచున్నది. అడవిపందులకు భయపడి రాత్రులు చేను కాచినవారికి ఈ మాట బాగుగా అర్థమగును. చీకటిలో ఆకు కదలినను గుండె ఝల్లుమనును. వచ్చినది పొరుగువాడో పందియో తెలియకముందే చేతిలోని రాయి లేచును.

నాలుగవది, వారు తమ్మును తామే నాశనము చేసికొన్నారు అనునది. ఇది అణుబాంబు తరువాత బలపడిన ఆలోచన. 1961లో ఫ్రాంక్ డ్రేక్ అను శాస్త్రజ్ఞుడు ఇటువంటి నాగరికతలు ఎన్ని ఉండవచ్చునో లెక్కించు సూత్రము ఒకటి చెప్పాడు. అందులో చివరి అంశము, తెలివిగల జనము ఎంతకాలము బ్రదికి సంకేతములు పంపగలరు అనునది. తెలివి పెరిగినకొలది ఆయుధములును పెరిగితే ఆ కాలము కొద్దిదే అగును. ప్రశ్న అడిగిన ఫెర్మియే బాంబు చేసినవారిలో ఒకరు అనునది మరువరాని సంగతి.

అయిదవది, వారు మనము గుర్తుపట్టలేని రూపములో ఉన్నారు అనునది. ఖగోళ శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ హాయిల్ 1957లో నల్లని మేఘము అను అర్థమిచ్చు పేరుతో ఒక నవల వ్రాశాడు. సూర్యుని దగ్గరకు వచ్చిన ఒక వాయు మేఘమే బుద్ధిగల ప్రాణి! దానికి కలిగిన ఆశ్చర్యము ఏమనగా, గట్టి గ్రహము మీద కూడ బుద్ధిగలవారు ఉందురా అని. ఈ హాయిల్ పేరుకు మన హైదరాబాదుతో ఒక సంబంధము ఉన్నది. జీవము ఆకాశమునుండి భూమికి వచ్చియుండవచ్చునని ఆయన వాదించేవాడు. 2005లో ఇస్రో శాస్త్రజ్ఞులు ఇంతకు ముందు చెప్పిన హైదరాబాదు బెలూన్ల కేంద్రమునుండియే ఒక బెలూనును పంపి, 20 నుండి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని పట్టి తెచ్చారు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లోను, పూణేలోను దానిని పరీక్షించారు. అంతకుముందు ఎవరికిని తెలియని మూడు రకముల సూక్ష్మజీవులు దొరికినట్లు 2009లో ప్రకటించారు. వాటిలో ఒకదానికి హాయిల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, మరియొకదానికి ఆర్యభటుని పేరు పెట్టారు. అవి వేరే లోకమునుండి వచ్చినవని మాత్రము వారు తేల్చి చెప్పలేదు. తెలిసినంతవరకే చెప్పి ఆగిరి. ఆ నిజాయితీ మనకును ఆదర్శము.

ఆరవ కారణము చెప్పినవాడు మన విశ్వాసులకు తెలిసినవాడే, సి. ఎస్. లూయిస్. 1938లో ఆయన వ్రాసిన నవలలో అంగారక గ్రహమునకు పోయిన మనుష్యుడొకడు అక్కడివారివలన ఒక సంగతి నేర్చుకొంటాడు. అన్ని గ్రహములు ఒకదానితో ఒకటి సహవాసము కలిగియున్నవి. ఒక్క భూమి మాత్రమే మౌన గ్రహము. దానిని ఏలవలసిన దూత తిరుగుబాటు చేసినందున దానినుండి ఏ వార్తయు బయటికి రాదు. చూడండి, ఇక్కడ ప్రశ్నయే తిరగబడింది. అందరు ఆకాశము ఎందుకు మౌనముగా ఉన్నదని అడుగగా, లూయిస్ మౌనముగా ఉన్నది మనమే అంటున్నాడు. నక్షత్రముల మధ్యనున్న ఈ మహా దూరములు, పడిపోయిన మన జాతి అంటురోగము ఇతరులకు ప్రాకకుండ దేవుడు పెట్టిన కట్టడి కావచ్చునని 1958లో వచ్చిన ఒక వ్యాసములోను ఆయన వ్రాశాడు.

వాక్యము ఏమి చెప్పుచున్నది?

ఈ ఆరింటిలో ఏది నిజము? దేవుని వాక్యము ఈ విషయములో అవునని గాని కాదని గాని చెప్పలేదు. రహస్యములు దేవునివనియు, బయలుపరచబడినవి మనవియు మన పిల్లలవియు అనియు మోషే బోధించెను (ద్వితీయోపదేశకాండము 29:29). కనుక గ్రహాంతరవాసులు ఉన్నారని ప్రసంగపీఠమునుండి చెప్పువారును, ఉన్నారనుకొనుట పాపమని గద్దించువారును వాక్యమును దాటి మాటలాడుచున్నారు. ఆకాశమునుండి ఏది పడినను లోకాంతపు సూచన అని భయపెట్టుచు వీడియోలు పంపువారి విషయములో మరింత జాగ్రత్తగా ఉండవలెను. మొగిలిగుండ్లలో దిగినది బెలూను కట్టిన గది మాత్రమే. దానిని చూపి భయపెట్టబడిన పిల్లవాడు, నిజము తెలిసిన తరువాత బెలూను మాటనే కాదు, బైబిలు మాటను కూడ అనుమానించును. జరుగు నష్టము అదియే.

ఒకవేళ రేపు నిజముగా ఎక్కడైనా బుద్ధిగల ప్రాణులున్నారని తేలితే మన విశ్వాసము కూలిపోవునా? కూలిపోదు. సృష్టిలో ఆలోచనగలవాడు మనుష్యుడు ఒక్కడే అని బైబిలు ఎన్నడును చెప్పలేదు. దేవదూతలను నమ్మువారము మనము. దృశ్యమైనవియు అదృశ్యమైనవియు సమస్తము క్రీస్తు ద్వారానే సృజింపబడినవనియు, భూమిమీద ఉన్నవాటిని మాత్రమే గాక పరలోకమందున్నవాటిని సైతము దేవుడు ఆయన ద్వారా సమాధానపరచుకొనుచున్నాడనియు పౌలు వ్రాసెను (కొలస్సయి 1:16, 20). వారికొరకు కూడ క్రీస్తు చనిపోయెనా అని పిల్లలు అడుగుదురు. వారు మనవలె పాపములో పడినవారో కాదో మనకు తెలియదు గనుక, దానికి జవాబు చెప్పుట కూడ మన పని కాదు. మనకొరకు చనిపోయెనని మనకు తెలియును. అది చాలును.

ఎంతవరకు విన్నాము?

మౌనమును బట్టి తీర్పు చెప్పుటకు ముందు, మనము ఎంతవరకు విన్నామో అడుగుకొనవలెను. డ్రేక్ 1960లో 26 మీటర్ల వెడల్పుగల రేడియో యాంటెన్నాను త్రిప్పి కొన్ని నెలలలో రెండే నక్షత్రములను ఆలకించాడు. ఏమియు వినబడలేదు. 1977 ఆగష్టు 15న అమెరికాలోని ఒహాయో రాష్ట్రములో 72 సెకన్ల బలమైన సంకేతము ఒకటి వచ్చింది. ఎన్నిసార్లు వెదకినను మరల దొరకలేదు. ఈ పనిలో జీవితమంతయు గడిపిన జిల్ టార్టర్ అను స్త్రీ ఒక పోలిక చెప్పింది. సముద్రములో ఒక గ్లాసు ముంచి, అందులో చేప లేదు గనుక సముద్రములో చేపలే లేవన్నట్లు ఉన్నది మన సంగతి. 2018లో కొందరు శాస్త్రజ్ఞులు మరల లెక్కవేసి, గ్లాసెడు కాదు, పెద్ద తొట్టెడు నీళ్ళు చూచినట్లు తేల్చారు. సముద్రము మాత్రము ఇంకను సముద్రమే.

చెవి సిద్ధముగా ఉంటే ఎంత చిన్న స్వరమైనను వినవచ్చును. మన జహీరాబాదు మీదుగా పోయే జాతీయ రహదారి పూణేకు చేరుతుంది. పూణేకు ఉత్తరమున ఖోడద్ గ్రామము దగ్గర ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పుగల 30 రేడియో యాంటెన్నాలు ఉన్నవి. 2016 అక్టోబరు 19న ఐరోపావారి స్కియాపరెల్లి నౌక అంగారకుని మీదికి దిగుచుండగా, కోట్ల కిలోమీటర్ల దూరమునుండి దాని సన్నని రేడియో ధ్వనిని ఇక్కడి యాంటెన్నాలు పట్టగలిగాయి. దిగుటకు కొద్దిసేపు ముందు ఆ ధ్వని ఆగిపోయింది. నౌక కూలిపోయింది. విన్నవారు ఉన్నందుననే ఆ కడపటి క్షణములు లోకమునకు తెలిసినవి.

మాచ్‌నూరు మౌనము

ఇప్పుడు ఆకాశము విడిచి, మన ఇంటి దగ్గరకే రండి. జహీరాబాదు దగ్గర మాచ్‌నూరు గ్రామములో సంఘం రేడియో ఉన్నదని మీలో అనేకులకు తెలియును. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని దళిత స్త్రీలు నడిపిన రేడియో అది. 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద దాని ప్రసారము మొదలయింది. నర్సమ్మ అను ఒకే పేరుగల ఇద్దరు స్త్రీలు దానిని నడిపినవారిలో ముఖ్యులు. జొన్నలు, సజ్జలు, కొర్రలు, విత్తనము దాచు విధము, పశువుల రోగములు, పండుగల పాటలు అన్నియు మన మెతుకుసీమ మాటలోనే వినబడినవి. చుట్టు 25 కిలోమీటర్ల వరకు ఆ స్వరము చేరేది.

అయితే గమనించవలసిన సంగతి మరియొకటి ఉన్నది. ఆ స్టూడియో కట్టినది 2008లో కాదు, 1998 ప్రాంతములోనే. గాలిలోని తరంగములు ప్రజలందరి సొత్తు అని సుప్రీము కోర్టు 1995లోనే చెప్పింది. అయినను ఇటువంటి సంఘములకు రేడియో నడుపుకొనుటకు అనుమతినిచ్చు విధానము వచ్చినది 2006లో. కనుక దాదాపు పది సంవత్సరములు ఆ స్త్రీలు మాటలాడిరి, పాడిరి, టేపులలో నింపిరి. ఆ క్యాసెట్లను సంఘముల కూటములలో పెట్టి వినిపించుకొనిరి. గాలిలోనికి మాత్రము ఒక్క మాటయు పోలేదు.

ఆ పది సంవత్సరములలో ఎవరైనా రేడియో పట్టుకొని మాచ్‌నూరు వైపు త్రిప్పి వినియుంటే ఏమి వినబడేది? గరగర శబ్దము తప్ప మరేమియు లేదు. అక్కడ ఎవరును లేరు అని అతడు వ్రాసికొని వెళ్ళిపోయేవాడు. కాని అక్కడ మనుష్యులు ఉన్నారు. జ్ఞానము ఉన్నది, పాట ఉన్నది, ఏడుపు కూడ ఉన్నది. లేనిది అనుమతి. దానికి ముందు తరతరములు కూడ ఆ స్త్రీలు మౌనముగా ఉండలేదు. చేలలో పాడుచునే ఉన్నారు. వినదగినది అక్కడ ఉన్నదని పెద్దలు అనుకొనలేదు, అంతే.

ఎఫ్.ఎం. తరంగములు భూమి వాతావరణమును దాటి పైకి పోగలవు. లెక్క వేస్తే, 2008లో మాచ్‌నూరు నుండి బయలుదేరిన మొదటి తరంగములు 2013 జనవరి నాటికి ప్రాక్సిమా అంత దూరము పోయినవి. 2017 మధ్యకు సిరియస్ నక్షత్రమంత దూరము దాటినవి. అంత దూరము పోయేసరికి అవి ఎంత పలుచనైపోవునంటే, మనకున్న ఏ యాంటెన్నాయు వాటిని పట్టలేదు. అక్కడ ఎవరైనా ఉండి, చెవి ఒగ్గి విని, భూమి మౌనముగా ఉన్నది అని వ్రాసికొనియున్నను ఆశ్చర్యము లేదు. మౌనము అనగా లేకపోవుట కాదు. మౌనము అనగా అనేకసార్లు మన చెవి చాలకపోవుట.

చెవియొగ్గు విశ్వాసము

బైబిలు ఈ పాఠమును ఎన్నో విధములుగా నేర్పుచున్నది. సమూయేలు బాలుడుగా ఉన్న దినములలో యెహోవా వాక్కు అరుదుగా ఉండెనని వ్రాయబడినది (1 సమూయేలు 3:1). అయితే ఆ రాత్రి దేవుడు పిలువకపోలేదు. మరల మరల పిలిచెను. బాలుడు అది ఏలీ స్వరమనుకొని పరుగెత్తెను. ఎవరు పిలుచుచున్నారో, ఎట్లు జవాబు చెప్పవలెనో ముసలివాడైన ఏలీ నేర్పిన తరువాతనే వాడు వినగలిగెను. ఏలీయా గొప్ప గాలిలోను, భూకంపములోను, అగ్నిలోను వెదకెను. దేవుడు మిక్కిలి నిమ్మళమైన స్వరములో వచ్చెను (1 రాజులు 19). మలాకీకి తరువాత మత్తయి వరకు దాదాపు 400 సంవత్సరములు ప్రవక్త స్వరము వినబడలేదు. దేవుడు మరచెను అని అనుకొన్నవారు ఉందురు. కాని ఆ మౌనము చివర పశువుల తొట్టిలో ఒక శిశువు ఏడ్పు వినబడెను. దానిని విన్నవారు రాజులు కారు, రాత్రి మందను కాచుకొనుచున్న గొల్లలు.

రాత్రి మేలుకొనియున్న గొల్లలకును, లియు సిషిన్ కథలోని వేటగాండ్రకును చీకటి ఒక్కటే. వేటగాడు చప్పుడు వినగానే తుపాకి ఎత్తును. గొల్లలును మొదట మిక్కిలి భయపడిరి. కాని భయపడకుడి అను మాట వినిరి, లేచి చూడబోయిరి. మౌనము మనకు ఏ అర్థమిచ్చుననునది ఆకాశము మీద మాత్రమే కాదు, మన హృదయము మీద కూడ ఆధారపడియున్నది. పొరుగువాడిని శత్రువుగా చూచువాడు ఆకాశములోను శత్రువునే చూచును. ప్రేమించువాడు ఎదురుచూచును.

ప్రార్థనకు జవాబు రాక అలసిన ఇండ్లు మన సంఘములలో అనేకము ఉన్నవి. వర్షము కొరకు, బిడ్డ కొరకు, త్రాగుడు మానని భర్త కొరకు ఏండ్ల తరబడి మోకాళ్ళూనినవారు ఉన్నారు. వారికి నక్షత్రముల లెక్కలు చెప్పి ఓదార్చలేము. ఒక్క మాట చెప్పగలము. జవాబు వినబడలేదు గనుక అక్కడ ఎవరును లేరు అని వ్రాసికొనవద్దు. సముద్రములో ఒక గ్లాసు ముంచి తీర్పు చెప్పవద్దు.

మన ఇంటిలోని మౌనము

చివరగా, మన ఇండ్లలోనే మౌనముగా ఉన్నవారు ఎవరు? మంచము పట్టిన అమ్మమ్మ ఉండవచ్చును. కొత్తగా వచ్చిన కోడలు ఉండవచ్చును. ఆదివారము వెనుక వరుసలో కూర్చుండి, ఎవరితోను పలుకక వెళ్ళిపోవు యౌవనస్థుడు ఉండవచ్చును. వాడు ఒకప్పుడు ప్రశ్న అడిగియుండును. నక్షత్రముల గురించియే అడిగియుండును. నోరు మూసికొని బైబిలు చదువుమని ఎవరో అనియుందురు. అప్పటినుండి వాడు అడుగుట మానివేసెను. పెద్దలేమో పిల్లవాడు బుద్ధిగా ఉన్నాడని సంతోషించుచున్నారు! అది బుద్ధి కాదు. అనుమతి లేని స్టూడియో అది. లోపల టేపులు నిండుచున్నవి. ఒక దినము వాడు సంఘమును విడిచి వెళ్ళిన తరువాత, వీనికి ఏమి తక్కువయ్యెనని మనము ఏడ్చుట వ్యర్థము.

ఏలీ చేసిన పని మనమును చేయగలము. ఏలీలో లోపములు చాల ఉండెను. అయినను నడిరాత్రి మూడుసార్లు నిద్రలేపిన పిల్లవానిని ఆయన కసరలేదు. పోయి పండుకొనుమనెను, పిమ్మట ఆలకించుట నేర్పెను. సమూయేలు ప్రవక్త అగుటకు అదియే మొదటి మెట్టు.

ఈ నెలలో వెన్నెల లేని ఒక రాత్రి, భోజనములైన తరువాత, పిల్లలను మిద్దె మీదికో చేనులోనికో తీసికొనిపోండి. టార్చిలైటు ఆర్పివేయండి. టి.వి., సెల్ ఫోను ఇంటిలోనే ఉంచండి. ఆకాశములు మాటలు లేకుండగనే దేవుని మహిమను వివరించుచున్నవని దావీదు చెప్పిన సంగతిని (కీర్తన 19) వారికి జ్ఞాపకము చేయండి. తెలుగు పలకరింపు ఒకటి ఆ చీకటిలో ప్రయాణము చేయుచున్నదని చెప్పండి. తరువాత వారు ఏమి అడిగినను అడుగనివ్వండి. తెలిసినది చెప్పండి. తెలియనిదానికి తెలియదని చెప్పుటకు సిగ్గుపడవద్దు. తండ్రి తెలియదని చెప్పిన చోట పిల్లల విశ్వాసము చావదు. తండ్రి వినని చోటనే చచ్చును.

మాటలాడుచున్న దేవుడు మనకు వినగల చెవులను దయచేయును గాక. ఆమెన్.

కుటుంబ ప్రార్థనలో చదువుటకు: 1 సమూయేలు 3:1–10, కీర్తన 19.

కలిసి మాటలాడుకొనుటకు: మన ఇంటిలో తక్కువగా వినబడు స్వరము ఎవరిది? ఈ వారము ఆ వ్యక్తి మాటను చివరివరకు వినుటకు మనము ఏమి చేయుదుము?